మా కోడలి బీఈడీ, నా స్కెచ్ పెన్నులు

మా ఇంట్లో ఈ ఏడు ముగ్గురం చదువుకుంటున్నాం. మనవడు యూకేజీ. కోడలు బీఈడీ రెండో సంవత్సరం. మూడోదాన్ని నేను. నాకు ఫీజు లేదు, హాజరు లేదు, రాత్రి పదకొండు దాకా హోంవర్కు మాత్రం ఉంది. కోడలి రికార్డులకి మార్జిన్లు కొట్టడం, బొమ్మలు వెయ్యడం, హెడ్డింగుల కింద రంగు గీతలు గియ్యడం నా డ్యూటీ. ముగ్గు చేయి కదా, గీత వంకర పోదు. "అత్తయ్యా, మీ బోర్డర్లు చూసి మా ఫ్రెండ్స్ అందరూ ఎక్కడ ప్రింట్ తీయించావని అడుగుతున్నారు" అంది ఒకరోజు. ఆ ఒక్క మాటకి పొంగిపోయి ఇంకో రెండు రికార్డులు నెత్తిన వేసుకున్నాను. ఆడవాళ్లం, పొగిడితే ఎంత పనైనా చేస్తాం.

ఇదివరకు బీఈడీ అంటే ఏడాదే. 2015 నుంచి రెండేళ్లు చేశారు. అందులో ఇరవై వారాలు బడికి వెళ్లి నిజం పిల్లల ముందు నిలబడి పాఠాలు చెప్పాలి. మా అమ్మాయిది (కోడల్ని నేను అమ్మాయ్ అనే పిలుస్తాను) లెక్కల మెథడాలజీ. డిగ్రీ ఎంపీసీ. పెళ్లైన రెండో ఏడే పిల్లాడు పుట్టడంతో చదువు అటకెక్కింది. వాణ్ణి బళ్లో వేశాక ఒకరోజు వంటింట్లో చిక్కుళ్లు వలుస్తూ, "ఎడ్‌సెట్ రాస్తానత్తయ్యా, డీఎస్సీ పడితే మనింట్లో మళ్లీ ఒక టీచరు ఉంటుంది" అంది. ఆ 'మళ్లీ' అన్న మాట నాకు గుచ్చుకుంది. మా అత్తగారు సెకండరీ గ్రేడ్ టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ పోయి ఆరేళ్లు. ఆవిడ బతికుండగా ఆవిడ కోడలు, అంటే నేను, ఇంటర్‌తో ఆగిపోయి ఆవిడకి క్యారేజీ కట్టిచ్చేదాన్ని. సరే, అది వేరే కథ.

అసలు సంగతికొస్తాను.

మా అమ్మాయికి ఇంటర్న్‌షిప్ పడిన హైస్కూలు మా తెనాలికి బస్సులో అరగంట దూరం. వీళ్ల కాలేజీ నుంచి ఎనిమిది మందిని అక్కడ వేశారు. ఆ బళ్లో ప్రతి క్లాసులో నల్లబల్ల పక్కన పెద్ద టీవీ లాంటి ప్యానెల్ ఉందిట. మన రాష్ట్రంలో సర్కారు బళ్లలో 2023 నుంచి బిగించారే, ఆ ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు. వేలితో రాయొచ్చు, బొమ్మలు జరపొచ్చు, వీడియో పెట్టొచ్చు. ఇక పుస్తకాల్లోనేమో పాఠం పక్కనే నలుపు తెలుపు గళ్ల క్యూఆర్ కోడ్. ఫోన్‌తో చూస్తే దీక్షా యాప్‌లో ఆ పాఠం వీడియో వస్తుంది. ఇవన్నీ ఉన్నాయి గనక ఈ పిల్లలు గంతులేసుకుంటూ వాడతారని నేననుకున్నాను. పుట్టిందే సెల్‌ఫోన్ల కాలంలో కదా!

మా ఇల్లు బస్టాండుకి దగ్గర. ఆదివారం పూట ఆ ఎనిమిది మందిలో నలుగురైదుగురు మా ఇంట్లోనే కూచుని రికార్డులు రాసుకుంటారు. ఉప్మా చేసి పెడుతూ వాళ్ల మాటలు వింటూ ఉంటాను. వినగా వినగా అర్థమైందేంటంటే, ఆ ప్యానెల్ అంటే వీళ్లలో చాలామందికి లోపల దడ. పైకి మాత్రం ఒక్కొక్కరు ఒక్కో మాట అంటారు. ఒకమ్మాయి, "వీడియో పెట్టేస్తే నలభై నిమిషాలూ గడిచిపోతాయి ఆంటీ, గొంతు నొప్పి ఉండదు" అంటుంది. ఇంకో అబ్బాయికి కంప్యూటర్ బాగా వచ్చు. అందరి పీపీటీలూ అతనే చేసి పెడతాడు. అతను ఖాళీ లేకపోతే కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపులో రెండొందలిస్తే రెడీమేడ్‌గా పెన్‌డ్రైవ్‌లో వేసిస్తారుట. మా అమ్మాయి మాట, "సుద్దముక్కతో చెప్తే వచ్చే కళ దాంతో రాదత్తయ్యా". ఈ మాట మొదట్లో నాకు గొప్ప మాటలా వినిపించింది. రెండు నెలల తర్వాత గానీ అది కళ గురించి అన్న మాట కాదని తెలీలేదు.

వీళ్లలో ఒకావిడ ఉంది. నలభై దగ్గర పడుతున్నాయి. భర్త పోయాక, పిల్లని పదో తరగతిలో వేసి, తను బీఈడీలో చేరింది. నన్ను అక్కా అంటుంది. బోర్డు దగ్గర నిలబడి చెప్తే పిల్లలు నోరు తెరుచుకుని వింటారని మా అమ్మాయే చెప్పింది. కానీ ప్యానెల్ వైపు పోదు. స్విచ్ కూడా వెయ్యదు. "నా దగ్గర నొక్కుళ్ల ఫోనక్కా. ఆ పెద్దదాన్ని నేను ముట్టుకుని అది పాడైతే ఎవరు కడతారు?" అంది నాతో.

ఆ మాట వినగానే మా అత్తగారు గుర్తొచ్చారు. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు అని కేంద్ర ప్రభుత్వం పథకం పెట్టింది. ప్రాథమిక పాఠశాలలకి మ్యాపులు, గ్లోబు, సైన్సు కిట్టు, ఆటవస్తువులు ఇచ్చారు. మా అత్తగారి బడికీ వచ్చాయి. కిట్టు ఎలా ఉంటుందో పిల్లలు మాత్రం చూడలేదు. ఎందుకంటే ప్రతి వస్తువూ స్టాకు రిజిస్టరులో ఎక్కించి ఉంటుంది. ఒక గాజు గొట్టం పగిలితే జవాబు చెప్పాలి. అందుకని మొత్తం బీరువాలో పెట్టి తాళం వేశారుట. తనిఖీ వస్తే తియ్యడం, తుడవడం, మళ్లీ పెట్టడం. "పధ్నాలుగేళ్లు ఆ బళ్లో చేశానే, ఆ భూతద్దంతో ఒక్క చీమని చూపించలేకపోయాను" అనేవారు ఆవిడ. రిటైరయ్యాక కూడా ఆ దిగులు పోలేదు. వస్తువులు మారాయి గానీ, ముప్పై ఏడేళ్ల తర్వాత మా ఇంటి అరుగు మీద అదే మాట!

వీళ్లకి ఇది ఎవరూ నేర్పరా అని మీరడగొచ్చు. నేనూ అడిగాను. సిలబస్‌లో ఐసీటీ అని పేపరే ఉంది. కాలేజీలో దాన్ని నోట్సు చెప్పి రాయించారుట. "కంప్యూటర్ వల్ల ఉపయోగములు" పది పాయింట్లు. ల్యాబు తాళం మొదటి సంవత్సరంలో రెండుసార్లు తీశారు, రెండోసారి ఎవరో పెద్దవాళ్లు చూడ్డానికి వస్తున్నారని. ఈత మీద వ్యాసం రాయించి, పొమ్మని కాలవ గట్టు మీద నిలబెట్టినట్టు లేదూ!

ఒకరాత్రి నేను రికార్డుకి బోర్డర్ వేస్తూ అనుకోకుండా చదివాను. ప్రతి పాఠ్యప్రణాళికలోనూ ఒక గడి ఉంటుంది, 'ఉపయోగించిన డిజిటల్ సామగ్రి' అని. పదకొండు పాఠాల్లోనూ ఒకే వాక్యం. 'ప్యానెల్ ద్వారా వీడియో ప్రదర్శించి విద్యార్థులలో ఆసక్తి కలిగించితిని.' 'కలిగించితిని' అనే మాట మా అమ్మాయి నోటంట జన్మలో రాదు. సీనియర్ల రికార్డు చూసి దింపింది.

"ఇవన్నీ చూపించావా అమ్మాయ్?" అన్నాను.

"లేదత్తయ్యా. ఎవరు చూస్తారు? గడి ఖాళీగా ఉంటే మార్కులు పోతాయి. అందరూ అదే రాస్తారు."

నేనేం అనలేదు. నా చేతిలో ఊదారంగు స్కెచ్ పెన్ను. ఆ వాక్యం కింద అందంగా గీత గీసిందాన్ని నేనే. ఏం మొహం పెట్టుకుని అంటాను?

తర్వాత వారం నిజంగానే వాడాల్సి వచ్చింది. కాలేజీ నుంచి లెక్చరర్ మేడం పాఠం చూడ్డానికి వస్తానన్నారు. ఏడో తరగతి, త్రిభుజం ధర్మాలు. ప్యానెల్ ఆన్ చేస్తే అది ఏదో అప్‌డేట్ అడిగింది. మా అమ్మాయి ఒకటి నొక్కితే ఇంకోటి తెరుచుకుంది. నలభై మంది పిల్లలు, వెనక బెంచీలో మేడం. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. ఒక కుర్రాడు లేచి, "అది కాదు మేడం, పక్కది నొక్కాలి" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. వాడు పాపం మంచికే అన్నాడు. ఈ పిల్ల ప్యానెల్ ఆపేసి బోర్డు మీద పాఠం పూర్తి చేసింది. బాగానే చెప్పిందిట. కానీ ఇంటికొచ్చి పిల్లాడికి అన్నం పెడుతూ కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఇంకెప్పుడూ దాన్ని ముట్టుకోనత్తయ్యా. పన్నెండేళ్ల పిల్లాడి ముందు నాకేమీ రాదని తేలిపోయింది."

అప్పుడర్థమైంది నాకు, ఆ 'కళ' సంగతి. అది యంత్రం మీద కోపం కాదు. పిల్లల ముందు తెలీనట్టు నిలబడాల్సి వస్తుందన్న భయం. టీచరంటే అన్నీ తెలిసిన మనిషని కదా మనం పెంచుకున్న నమ్మకం. తెలీదని ఒప్పుకునే టీచర్ని మనమెవరం చూశాం?

ఈ భయం నాకు కొత్తది కాదు. మా వాడు నాకు స్మార్ట్‌ఫోన్ కొనిచ్చి నాలుగేళ్లైంది. గ్యాస్ బుక్ చెయ్యాలని ఫోన్ పట్టుకుంటే చాలు, "ఇలా ఇవ్వమ్మా, నీకు రాదు" అని లాక్కుని టకటకా నొక్కేసి ఇచ్చేస్తాడు. ప్రేమే, కాదనను. కానీ నాలుగేళ్లలో నేను ఒక్క సిలిండరు బుక్ చెయ్యలేదు. చేతిలోంచి లాక్కుంటే చెయ్యి ఎప్పుడు నేర్చుకుంటుంది?

ఆ రాత్రి గిన్నెలు తోమడం అయ్యాక, "అమ్మాయ్, ఆ పాఠం నాకు చెప్పు. నేను ఏడో తరగతి అనుకో. నవ్వేవాళ్లెవరూ లేరుగా" అన్నాను. మొదట వద్దంది. తర్వాత తన ఫోన్‌లో జియోజీబ్రా అని ఒక యాప్ తెరిచింది. 2001లో మార్కస్ హోహెన్‌వార్టర్ అనే ఆయన మొదలుపెట్టింది, డబ్బులు కట్టక్కర్లేదు. అందులో ఒక త్రిభుజం. మూడు మూలల్లో కోణాల అంకెలు. "ఈ మూలని వేలితో లాగండత్తయ్యా" అంది. లాగాను. త్రిభుజం సాగింది, పక్కకి ఒరిగింది, అంకెలు గిర్రున మారాయి. ఒక కోణం పెరుగుతుంటే మిగతావి తగ్గుతున్నాయి. ఎలా లాగినా మూడూ కలిపితే 180.

నిజం చెప్తున్నా, నాకు ఒళ్లు పులకరించింది. 'త్రిభుజములోని మూడు కోణముల మొత్తము 180 డిగ్రీలు' అని ఎన్నిసార్లు అప్పజెప్పానో చిన్నప్పుడు. పరీక్షలో రాసి మార్కులూ తెచ్చుకున్నాను. కానీ అది 'ఏ త్రిభుజంలోనైనా' అన్న సంగతి యాభై ఆరేళ్ల వయసులో, వంటింట్లో, పమిటతో చెయ్యి తుడుచుకుంటూ తెలిసింది. ఒక పావుగంట ఆ ఫోన్ వదల్లేదు నేను. కోణాల్ని పాలబిల్లు వెనక రాసి కూడుతూ పోయాను. అలా కూడగా ఒకసారి 47, 62, 70 వచ్చాయి. కూడితే 179!

"ఇదేంటే, మీ యంత్రం కూడా తప్పుతోంది!"

మా అమ్మాయి కంగారుపడి చూసింది. తర్వాత నవ్వింది. పాయింటు తర్వాత అంకెలు కనపడకుండా పెట్టిందిట. అవి కనపడేలా మారిస్తే 47.4, 62.3, 70.3. కలిపితే సరిగ్గా 180. "అంటే దాచిపెట్టి గుండుసున్నా చేసి చూపిస్తోందన్న మాట" అన్నాను. ఆ పిల్ల ఒక నిమిషం అలా నా మొహం చూసి, పుస్తకం తీసి ఏదో రాసుకుంది.

పాత క్యాలెండరు కాగితం మీద త్రిభుజం కత్తిరించి, మూడు మూలలూ చింపి, పక్కపక్కన పెడితే తిన్నగా ఒక గీతలా కూచుంటాయి. ఇది మా అత్తగారు పిల్లలతో చేయించేవారు, ఇంట్లో చింపిన ముక్కలు ఎన్ని ఊడ్చానో. అది గుర్తొచ్చి చూపించాను. అలా ఆ పాఠం మేం ముగ్గురం కలిసి తయారుచేశాం, పోయినావిడతో సహా.

వారం తర్వాత ఆ క్లాసుకే మళ్లీ చెప్పింది. ఈసారి మేడం లేరు. ముందు కాగితాలు చింపించింది. తర్వాత కోణమానినితో కొలిచి పుస్తకంలో రాసుకోమంది. నలభై మందిలో సరిగ్గా 180 వచ్చినవాళ్లు తక్కువే. 178, 181, 176, ఒకడికైతే 190. వాడు కోణమానినిని తిరగేసి పట్టుకున్నాడు. ఆ తర్వాత ప్యానెల్. "దీన్ని తెరవడం నాకింకా బాగా రాదర్రా, ఎవరైనా సాయం వస్తారా?" అని అడిగిందిట. ఆ మాట అనడానికి నోరు ఎండిపోయిందని చెప్పింది. మొన్నటి కుర్రాడే వచ్చాడు. వాడు చూపిస్తుంటే ఈ పిల్ల నొక్కింది. వాణ్ణి నొక్కనివ్వలేదు. ఎవరూ నవ్వలేదుట. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి మూల పట్టుకుని లాగారు. 179 చూపించే నా తమాషా కూడా పెట్టింది. "మేడం, ప్యానెల్ అబద్ధం చెప్తుందా?" అని పెద్ద చర్చ. కొలతలో తప్పెక్కడొస్తుంది, పెన్సిలు మొద్దైతే ఏమవుతుంది, దాకా వెళ్లారుట. బెల్లు కొట్టినా కదల్లేదు.

ఇదంతా ఒగురుస్తూ చెప్పి, కాసేపాగి అంది. "అత్తయ్యా, ఒకమ్మాయి 178 వచ్చిందని రాసుకుంది. ప్యానెల్ మీద 180 చూడగానే రబ్బరుతో చెరిపి 180 అని రాసేసింది. నేను చూశాను. నువ్వు కొలిస్తే ఎంతొచ్చిందో అదే ఉంచమ్మా, అది తప్పు కాదు అని మళ్లీ రాయించాను."

అని, లేచి కంచం తీసింది. కడిగేసి వచ్చి రికార్డు ముందేసుకుని కూచుంది. ఎంతసేపటికీ పెన్ను కదలదు. నేను టీవీ చూస్తున్నట్టే ఉండి ఓరకంట చూస్తున్నాను. పదకొండు పాఠాల్లో ఎన్నింటికి నిజంగా ప్యానెల్ వాడిందో లెక్కేసుకుంటోంది. మొత్తం కలిపి రెండు. అందులో ఒకటి కన్నీళ్ల పాఠం.

"వైటనర్ ఉందా అత్తయ్యా?"

మనవడు మూత పెట్టక వైటనర్ గడ్డకట్టింది. చివరికి కాగితం ముక్కలు కత్తిరించి అతికించాం. 'కలిగించితిని' మీదల్లా తెల్ల కాగితం. దాని మీద కొత్తగా రాసింది: 'కరెంటు లేదు. ప్యానెల్ వాడలేదు.' 'అవసరం అనిపించలేదు.' 'వాడటం రాలేదు.' ఒక దాంట్లో, 'మొదలుపెట్టి ఆపేశాను, తెరవడం ముందుగా సాధన చేయలేదు.' అప్పుడే భయం వేసింది నాకు. మార్కులు మా అమ్మాయివి, ఫీజు మా వాడిది, అతుకులు వేస్తున్నది నేను. "ఒకటి రెండు ఉంచెయ్యకూడదూ?" అని కూడా అన్నాను, ఏం దాచను. నావైపు చూసింది గానీ జవాబు చెప్పలేదు.

మా వాడైతే కేకలేశాడు. "నువ్వొక్కదానివి సత్యహరిశ్చంద్రుడివా? డీఎస్సీలో ఈ పేజీలు చూస్తారా ఎవరన్నా?" అన్నాడు. వాడన్నదీ నిజమే, చూడరు.

రికార్డు సంతకానికి వెళ్లింది. మేడం ఆ అతుకులు చూసి, ఎక్స్‌టర్నల్ వాళ్లు అడిగితే నేనేం చెప్పాలమ్మా అన్నారుట. మళ్లీ రాసి తెమ్మన్నారు. ఈ పిల్ల తేలేదు. మేడం సంతకమైతే పెట్టారు గానీ ఇంటర్నల్ మార్కులు ఎంతేస్తారో తెలీదు. వచ్చే నెల తెలుస్తుంది. నాకు రోజూ రాత్రి అదే ఆలోచన.

మొన్న ఆదివారం నన్ను అక్కా అనే ఆవిడ ఒక్కతే ముందుగా వచ్చింది. పెసరట్లు పోస్తున్నాను. మా అమ్మాయి స్నానానికి వెళ్లింది. "అక్కా, ఆ త్రిభుజం సంగతి నాకూ చూపిస్తుందేమో అని వచ్చాను" అంది, గొంతు తగ్గించి. స్టవ్ సిమ్‌లో పెట్టి నా ఫోన్ తీశాను. ఆ యాప్ నా ఫోన్‌లో కూడా వేయించుకున్నాన్లెండి. ఆవిడ చేతిలో పెట్టి, "ఈ మూల పట్టుకో, లాగు" అన్నాను. ఆవిడ వేలు గట్టిగా నొక్కింది, ఏదో మెనూ తెరుచుకుంది, త్రిభుజం మాయమైంది. ఆవిడ ఫోన్ తిరిగి నాకిచ్చెయ్యబోయింది.

అప్పుడే మా వాడు వంటింట్లోకి వచ్చాడు. "ఏంటమ్మా, ఇలా ఇవ్వు" అని చెయ్యి చాపాడు.

"నువ్వుండరా. అట్టు తిప్పు, మాడిపోతోంది" అన్నాను.